అప్పుడప్పుడే ఆన్ అయ్యే అసెంబుల్డ్ కంప్యూటర్: లోపం ఎక్కడుందో పట్టుకునే పద్ధతి

పార్టులు కొని సొంతంగా బిగించుకున్న కంప్యూటర్ పూర్తిగా చచ్చిపోతే పని సులువు. ఏ పార్టు మారిస్తే ప్రాణం వస్తుందో ఆ పార్టే పోయినట్టు. అసలు తలనొప్పి పొద్దున ఆన్ అయి సాయంత్రం మొరాయించేదాంతోనే. పవర్ బటన్ నొక్కితే ఒకసారి ఫ్యాన్లు తిరుగుతాయి, ఒకసారి ఉలుకూ పలుకూ ఉండదు. విసిగిపోయి నాలుగైదుసార్లు నొక్కితే అసలేమీ జరగనట్టు విండోస్ వచ్చేస్తుంది.

ఇలాంటి మెషీన్ మనల్ని ఎలా మోసం చేస్తుందో ముందు తెలుసుకోవాలి. ర్యామ్ తీసి, తుడిచి, మళ్లీ పెడతాం. ఆన్ అవుతుంది. "ర్యామే కారణం" అని తేల్చేస్తాం. కానీ ర్యామ్ తీయడానికి ప్లగ్గు పీకాం, ఎస్‌ఎంపీఎస్‌లో (పార్టులన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బాలో) నిలిచిన కరెంటు దిగిపోయింది, క్యాబినెట్‌ను పడుకోబెట్టాం, పెద్ద పవర్ కేబుల్ చేయి తగిలి కాస్త కదిలింది, ఈలోగా బోర్డు చల్లబడింది. ఒక్క పని చేశామనుకుంటూ ఐదు పనులు చేశాం. వాటిలో దేనివల్ల ఆన్ అయిందో మనకు తెలియదు. మూడు రోజుల తర్వాత మళ్లీ ఆగిపోతే, ఈసారి కొత్త ర్యామ్ కొనేస్తాం.

కాబట్టి ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి, ఆ మార్పు మీద నమ్మకం కుదిరేదాకా తగినన్నిసార్లు స్టార్ట్ చేసి చూడాలి. కింద రాసినదంతా ఈ ఒక్క నియమం మీదే నడుస్తుంది. డబ్బు ఖర్చు పెట్టేది అన్నిటికంటే చివర.

ముందు ఒక నోటుబుక్కు తీసుకోండి

"ఆన్ కావడం లేదు" అనే మాటలో నాలుగు వేర్వేరు జబ్బులు ఉంటాయి. మీది ఏదో మొదట తేల్చుకోండి.

మొదటిది, బటన్ నొక్కితే ఏమీ జరగదు. ఫ్యాను కదలదు, లైటు వెలగదు. ఇది గోడ సాకెట్, ఎస్‌ఎంపీఎస్, పవర్ బటన్, లేదా ఎక్కడో షార్ట్ వల్ల వస్తుంది.

రెండోది, ఫ్యాన్లు ఒక్క క్షణం తిరిగి ఆగిపోతాయి, లేదా ఆగుతూ తిరుగుతూ ఉంటాయి. ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి కట్ అవుతోంది, లేదా మదర్‌బోర్డు ర్యామ్‌తో కుదరక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోంది.

మూడోది, ఫ్యాన్లు బాగానే తిరుగుతాయి, స్క్రీన్ మీద ఏమీ రాదు. ఇక్కడ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ సాకెట్, బయోస్ (బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ను స్టార్ట్ చేసే సాఫ్ట్‌వేర్) సెట్టింగులు చూడాలి.

నాలుగోది, మదర్‌బోర్డు కంపెనీ లోగో వస్తుంది, విండోస్ మాత్రం రాదు. ఇది ఎస్‌ఎస్‌డీ లేదా విండోస్ సంగతి. దీనికోసం ఎస్‌ఎంపీఎస్ మార్చడం వృథా.

ఇప్పుడు వారం రోజులు ప్రతి స్టార్టునూ రాసిపెట్టండి. ఏ టైము, అంతకుముందు ఎంతసేపు ఆఫ్‌లో ఉంది, రాత్రి గోడ స్విచ్ ఆపేశారా లేదా, గది వేడిగా ఉందా, ఇంట్లో మోటారు, గీజరు లాంటివి నడుస్తున్నాయా, పై నాలుగింటిలో ఏ లక్షణం కనిపించింది, మదర్‌బోర్డు మీద ఏ చిన్న లైటు వెలిగింది. ఈ మధ్య వచ్చిన చాలా బోర్డుల మీద సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (డిస్కు) అని నాలుగు చిన్న ఎల్‌ఈడీలు ఉంటాయి. స్టార్ట్ అవుతుంటే ఒక్కొక్కటిగా వెలిగి ఆరిపోతాయి. పని ఆగినప్పుడు ఏది వెలిగే ఉంటే అక్కడే చిక్కుంది. ఎల్‌ఈడీలు లేని బోర్డయితే బీప్ స్పీకర్ ఒకటి కొని పెట్టుకోండి, చాలా చవక. ఏ బీప్‌కు ఏ అర్థమో మాన్యువల్‌లో ఉంటుంది.

గోడ స్విచ్ సంగతి ప్రత్యేకంగా ఎందుకు అడిగానంటే, మన ఇళ్లలో రాత్రి పడుకునే ముందు స్విచ్‌లన్నీ ఆపేసే అలవాటు. కంప్యూటర్ షట్‌డౌన్ చేసినా గోడ స్విచ్ ఆన్‌లో ఉంటే ఎస్‌ఎంపీఎస్ బోర్డుకు 5 ఓల్టుల స్టాండ్‌బై కరెంటు పంపుతూనే ఉంటుంది. స్విచ్ ఆపేస్తే అదీ ఉండదు. ఉదయం స్విచ్ వేసిన వెంటనే మొరాయించి, పది నిమిషాలు ఆగితే మామూలుగా ఆన్ అవుతోందంటే అనుమానం నేరుగా ఆ స్టాండ్‌బై భాగం మీదికి వెళ్తుంది. వారం పాటు రాత్రిళ్లు గోడ స్విచ్ ఆన్‌లోనే ఉంచి చూడండి. లక్షణం మాయమైతే, పైసా ఖర్చు లేకుండా సగం దారి వచ్చేసినట్టే.

పరీక్ష గోడ దగ్గర మొదలుపెట్టాలి

తిరుపతిలో బాలాజీ కాలనీ, కొర్లగుంట వైపు అద్దె గదుల్లో ఉండే విద్యార్థుల నోట ఎక్కువగా వినే మాట ఇది: "అన్నా, షాపులో పెడితే ఆన్ అవతాది, రూముకు తెస్తే అవదు." డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లగానే తగ్గిపోయే పిల్లల జ్వరం లాంటిది ఇది. షాపువాళ్లు ఏమీ లేదని పంపేస్తారు. అబ్బాయికి టెన్షన్ తగ్గదు.

నిజానికి షాపులో ఆన్ అయిందన్నదే పెద్ద ఆధారం. షాపుకూ గదికీ తేడాలు రెండు. ఒకటి కరెంటు. రెండోది, షాపులో క్యాబినెట్ పక్క తలుపు తీసి, బల్ల మీద పడుకోబెట్టి చూస్తారు. గదిలో అది నిలబడి ఉంటుంది. నిలబడినప్పుడు బరువైన గ్రాఫిక్స్ కార్డు, పెద్ద కూలర్ కిందికి వేలాడతాయి, స్లాట్లో కాంటాక్టు వదులవుతుంది. కాబట్టి గదిలోనే క్యాబినెట్‌ను పడుకోబెట్టి కొన్ని రోజులు వాడి చూడండి. పడుకుంటే ఎప్పుడూ ఆన్ అయి, నిలబెడితే మొరాయిస్తే గ్రాఫిక్స్ కార్డు స్క్రూ బిగించి, కింద ఒక సపోర్టు పెట్టడంతో పని అయిపోవచ్చు.

ఇక కరెంటు. స్పైక్ బస్టర్, ఎక్స్‌టెన్షన్ బోర్డు, యూపీఎస్ అన్నీ పక్కన పెట్టి, కంప్యూటర్ పవర్ కేబుల్‌ను నేరుగా గోడ సాకెట్లో పెట్టండి. కొన్ని రోజులు అలాగే వాడండి. పాత ఇళ్లలో సాకెట్ లోపలి ఇత్తడి రేకులు సాగిపోయి ప్లగ్గు వదులుగా నిలుస్తుంది. ప్లగ్గును వేలితో కాస్త కదిపితే చిటపటమన్నా, నల్లటి మచ్చ కనిపించినా ఆ సాకెట్ మార్పించాలి. ఎస్‌ఎంపీఎస్ వెనక దూరే కేబుల్ చివర కూడా వదులవుతుంది. మానిటర్ కేబుల్ అదే రకం అయితే రెండూ మార్చి చూడండి.

ఓల్టేజీ మల్టీమీటర్‌తో కొలవాలి. మీటరు ఏసీ ఓల్టేజీ మీద 600 లేదా 750 రేంజిలో ఉండాలి. గోడ సాకెట్లో మీటరు పెట్టిన అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, ఇది ధైర్యం చూపించే చోటు కాదు. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 ఓల్టులకు దగ్గరగా రావాలి. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు ఓల్టులు మించకూడదు. ఫేజు, ఎర్త్ మధ్య రీడింగు ఎటూ కాకుండా ఊగుతుంటే ఎర్తింగ్ లేనట్టే.

మన ప్రాంతంలో ఎర్తింగ్ విషయం తేలిగ్గా తీసుకోవద్దు. కొండ కింద రాతి నేల. వేసవిలో నేల ఎండిపోయాక ఎర్త్ గుంత పేరుకే ఉంటుంది. బొగ్గు, ఉప్పు వేసి కట్టిన పాత రకం గుంతలో అప్పుడప్పుడు నీళ్లు పోయాలి. ఏళ్ల తరబడి ఎవరూ పోయని ఇళ్లు చాలా ఉన్నాయి. బండల మీద ఒట్టి కాళ్లతో నిలబడి క్యాబినెట్ తాకితే జిల్లుమంటోందా? ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల, ఎర్త్ లేనప్పుడు క్యాబినెట్ రేకు మీద మెయిన్స్‌లో సగం, అంటే 115 ఓల్టుల వరకు కనిపిస్తుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జిల్లుమని వదిలేస్తుంది. కానీ మానిటర్, టీవీ కేబుల్, యూఎస్‌బీ పరికరాల మధ్య అదే ఓల్టేజీ తిరుగుతూ స్టార్టింగ్‌ను చెడగొట్టగలదు, పోర్టులను కాల్చగలదు. ఎర్తింగ్ సరిచేయించడం కంప్యూటర్ కోసమే కాదు, ఇంట్లోవాళ్ల ప్రాణాల కోసం కూడా.

సాయంత్రాలు బల్బులు మసకబారి, మీటరు 200 కంటే దిగువకు పడిపోతుంటే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. 100 నుంచి 240 ఓల్టుల వరకు పనిచేస్తుందని లేబుల్ మీద రాసున్న ఎస్‌ఎంపీఎస్‌కు లో ఓల్టేజీతో పెద్ద ఇబ్బంది ఉండదు. 200 నుంచి 240 అని ఉన్నదానికి ఉంటుంది. మీ లేబుల్ చదివి చూడండి.

యూపీఎస్ లేదా ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడే సమస్య వస్తే సంగతి వేరు. యాక్టివ్ పీఎఫ్‌సీ (మెయిన్స్ నుంచి కరెంటును సమంగా లాగే సర్క్యూట్) ఉన్న ఎస్‌ఎంపీఎస్‌కు చవకరకం యూపీఎస్ ఇచ్చే చదరపు అల కొన్నిసార్లు పడదు. కరెంటు పోయి బ్యాటరీకి మారే క్షణంలో మెషీన్ రీస్టార్ట్ అవడానికి ఇదో కారణం.

క్యాబినెట్ తెరిచే ముందు

షట్‌డౌన్ చేసి, ప్లగ్గు పీకి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. మిగిలిన కరెంటు దిగిపోతుంది. క్యాబినెట్ రేకు భాగాన్ని ఒకసారి తాకి పని మొదలుపెట్టండి, నైలాన్ బట్టలతో, దుప్పటి మీద కూర్చుని వద్దు.

ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 ఓల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్గు పీకాక కూడా కొంతసేపు నిలిచి ఉండొచ్చు. ఆ పని నేర్చినవాళ్లు చేయాల్సిందే.

కేబుళ్లు, బటన్లు

ఇంట్లో బిగించిన మెషీన్లలో అప్పుడప్పుడు వచ్చే లోపాలకు మొదట అనుమానించాల్సింది కాంటాక్టులనే. ఎస్‌ఎంపీఎస్ నుంచి మదర్‌బోర్డుకు వచ్చే 24 పిన్నుల పెద్ద కేబుల్‌ను తీసి, క్లిప్పు టక్కుమనే వరకు నొక్కి పెట్టండి. ఒక వైపు సగం మిల్లీమీటరు పైకి లేచినా ఒక రోజు పనిచేసి ఇంకో రోజు చేయదు. ప్రాసెసర్ పక్కనుండే 8 పిన్నుల కేబుల్ కూడా అంతే. అది 4, 4గా విడిపోతుంది. గ్రాఫిక్స్ కార్డుది 6, 2గా విడిపోతుంది. చూడటానికి ఒకేలా ఉన్నా వైరింగ్ వేరు, ఒకదాని చోట ఒకటి బలవంతంగా దూర్చకూడదు.

మాడ్యులర్ (కేబుళ్లు విడిగా ఊడదీయగలిగే) ఎస్‌ఎంపీఎస్ అయితే కేబుల్‌కు రెండో చివర ఉందని గుర్తుంచుకోండి. అందరూ బోర్డు వైపు నొక్కి ఊరుకుంటారు. ఎస్‌ఎంపీఎస్ వైపు వదులుగా ఉన్న కేబుల్ వెనక తలుపు చాటున ఎవరికీ కనిపించదు. ఒక కంపెనీ ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లను ఇంకో కంపెనీదానికి పెట్టకండి. బోర్డు వైపు పిన్నులు ఒకటే గానీ, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరుసకు ఉమ్మడి ప్రమాణం లేదు. 5 ఓల్టులు వెళ్లాల్సిన చోటికి 12 ఓల్టులు వెళ్తే హార్డ్ డిస్కు, ఎస్‌ఎస్‌డీ అక్కడికక్కడే పోతాయి, డేటాతో సహా.

తర్వాత పవర్ బటన్. బోర్డు అంచున ఉన్న ముందు ప్యానెల్ పిన్నుల నుంచి పవర్ స్విచ్, రీసెట్ స్విచ్ వైర్లు రెండూ తీసేయండి. మాన్యువల్ చూసి పవర్ స్విచ్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం తాకించండి. ప్రతిసారీ ఆన్ అవుతుంటే దోషం బటన్‌దే. చవక క్యాబినెట్లలో బటన్ లోపల దుమ్ము, తేమ చేరి కాంటాక్టు పోతుంది. చీమలు దూరి పాడైన బటన్లూ ఉన్నాయి. కొత్త క్యాబినెట్ అక్కర్లేదు, రీసెట్ బటన్ వైరును పవర్ పిన్నులకు తగిలించండి, ఇకపై అదే మీ పవర్ బటన్. రీసెట్ బటన్ లోపలికి ఇరుక్కుపోయినా మెషీన్ స్టార్ట్ అవదు. అందుకే రెండు వైర్లూ తీయమన్నది.

క్యాబినెట్ ముందు వైపున్న యూఎస్‌బీ పోర్టుల్లోకి టార్చి వేసి చూడండి. లోపలి నాలుక వంగి పిన్నులు ఒకదానికొకటి తగులుతుంటే మెషీన్ స్టార్ట్ కాకుండా ఆగిపోతుంది. పరీక్షలు జరిగినన్ని రోజులూ ఆ పోర్టుల వైరును బోర్డు నుంచి పీకేసి ఉంచడమే మంచిది.

కనీస పార్టులతో, క్యాబినెట్ బయట

పైవన్నీ అయ్యాక కూడా మొరాయిస్తే బోర్డును బయటికి తీయాలి. ఇది పెద్ద పనే, ఆదివారం పెట్టుకోండి. మదర్‌బోర్డు వచ్చిన అట్టపెట్టె మీద బోర్డు పెట్టి, ప్రాసెసర్, కూలర్, ఒకే ఒక ర్యామ్ స్టిక్, ఎస్‌ఎంపీఎస్ మాత్రమే తగిలించండి. బోర్డుతో వచ్చిన వెండి రంగు కవరు మీద మాత్రం పెట్టకండి, దాని పై పొరకు కరెంటు ప్రవహించే గుణం ఉంటుంది. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటే మానిటర్‌ను బోర్డుకే పెట్టండి. ఇంటెల్‌లో మోడల్ నంబరు చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టు, అప్పుడు కార్డు పెట్టక తప్పదు.

ఇలా అట్ట మీద ప్రతిసారీ ఆన్ అయి, క్యాబినెట్లో బిగిస్తే మొరాయిస్తోందా? అయితే బోర్డు కింద ఎక్కడో రేకు తగులుతోంది. బోర్డుకు రంధ్రం లేని చోట ఇత్తడి స్టాండాఫ్ (బోర్డును రేకుకు ఎత్తుగా పట్టి ఉంచే చిన్న మర) ఒకటి మిగిలిపోయి ఉంటుంది, లేదా జారిపడ్డ స్క్రూ బోర్డు కింద దొర్లుతూ ఉంటుంది. బల్ల కదిలినప్పుడు, క్యాబినెట్ జరిపినప్పుడు లక్షణం మారుతుండటం దీని గుర్తు.

అట్ట మీద కూడా మొరాయిస్తే మిగిలినవి ఎస్‌ఎంపీఎస్, ర్యామ్, బోర్డు, ప్రాసెసర్. వెతకాల్సిన జాగా బాగా తగ్గింది.

ర్యామ్

రెండు స్టిక్కులుంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో దాదాపు అన్నిటి మాన్యువళ్లూ ఇదే చెబుతాయి. ఒక్క స్టిక్‌తో పరీక్షిస్తుంటే రెండో స్లాట్‌లో పెట్టండి. ముందు ఒక స్టిక్‌తో, తర్వాత ఇంకో స్టిక్‌తో, మళ్లీ స్లాట్ మార్చి. లోపం స్టిక్ వెంట వెళ్తోందా, స్లాట్ వెంట ఉండిపోతోందా అన్నది నోటుబుక్కే చెబుతుంది.

స్టిక్ అంచున ఉండే బంగారు రంగు కాంటాక్టులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి బట్టతో తుడవండి. పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మన దగ్గర అందరికీ అలవాటే. గట్టిగా రుద్దితే పూత అరిగిపోతుంది, రబ్బరు పొడి స్లాట్‌లో పడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు మనకు ఎక్కువ. ఆ నెలల్లో తేమకు కాంటాక్టులు మసకబారి, ఏప్రిల్‌లో హాయిగా నడిచిన మెషీన్ నవంబరులో పేచీ పెట్టడం మామూలే. కిటికీ పక్కన, బాత్రూం గోడకు ఆనించి పెట్టిన క్యాబినెట్‌ను ముందు అక్కడి నుంచి జరపండి.

కొత్త డీడీఆర్5 మెషీన్ల గురించి ఒక మాట. మొదటిసారి ఆన్ చేసినప్పుడు, బయోస్ రీసెట్ చేశాక, ర్యామ్ మార్చాక బోర్డు ర్యామ్‌కు సరిపడే టైమింగులు వెతుక్కుంటుంది. దీన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. కొన్ని నిమిషాల పాటు స్క్రీన్ నల్లగా ఉండొచ్చు. ఆగిపోయిందనుకుని బటన్ నొక్కి పట్టుకుంటే ఆ పని మళ్లీ మొదటికొస్తుంది. మనవాళ్లు "ఐదోసారికి ఆన్ అయింది" అనేవాటిలో కొన్ని ఇవే, మొదటిసారే పది నిమిషాలు ఓపిక పట్టి ఉంటే వచ్చేసేది. ఏఎం5 (ఏఎండీ కొత్త ప్రాసెసర్ల సాకెట్) బోర్డుల్లో మెమరీ కాంటెక్స్ట్ రీస్టోర్ అనే సెట్టింగు ఆఫ్‌లో ఉంటే ప్రతి స్టార్టుకూ ఈ ట్రైనింగ్ జరిగి ఆలస్యమవుతుంది.

బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో (ర్యామ్‌ను పెట్టె మీది వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేసి ఉంటే ఆఫ్ చేసి వారం చూడండి. ర్యామ్ పెట్టె మీద రాసిన వేగం ఆ స్టిక్‌కు సాధ్యమే, కానీ మీ ప్రాసెసర్ మెమరీ కంట్రోలర్‌కు సాధ్యమని ఎవరూ మాటివ్వలేదు. ఆఫ్ చేశాక లోపం పోతే ఒక మెట్టు తక్కువ వేగంతో వాడుకోండి, రోజువారీ పనిలో తేడా తెలియదు. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి ఒక రాత్రంతా నడపడం కూడా మంచిదే. ఒక్క తప్పు కనిపించినా ఆ ర్యామ్‌ను ఆ సెట్టింగుల్లో నమ్మకూడదు.

ఎస్‌ఎంపీఎస్

ఎక్కువ మంది చవకలో సరిపెట్టుకునేది దీని దగ్గరే. గ్రాఫిక్స్ కార్డుకు పాతిక వేలు పెట్టి, దానికి కరెంటు ఇచ్చే డబ్బాకు క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చినది వాడతారు. నా అభిప్రాయంలో బడ్జెట్ ఎంత చిన్నదైనా ఇది ఆదా చేసే చోటు కాదు.

లోపల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఉంటాయి. వాటిలోని ద్రవం ఏళ్ల తరబడి ఎండుతూ వస్తుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో అందరూ వాడే లెక్క. మే నెలలో 40 డిగ్రీలు దాటే తిరుపతిలో, ఏసీ లేని పై అంతస్తు గదిలో, దుమ్ము పట్టిన ఫ్యానుతో ఆ డబ్బా ఎలా ఉంటుందో ఊహించుకోండి. ముసలిదైన కెపాసిటర్ చల్లగా ఉన్నప్పుడు ఇంకా మొండికేస్తుంది. ధనుర్మాసం తెల్లవారుజామున, పలమనేరు లాంటి చలి ఊళ్లలో మరీనూ, మొదటి మూడు నొక్కులకు పలకదు. ఆ ప్రయత్నాలకే లోపల కాస్త వేడెక్కి నాలుగో నొక్కుకు లేస్తుంది. ఆ తర్వాత రోజంతా ఎన్నిసార్లు ఆపి వేసినా వస్తుంది. ఈ తీరు కనిపిస్తే నా అనుమానం మొదట ఎస్‌ఎంపీఎస్ మీద, తర్వాత పాత బోర్డు మీది కెపాసిటర్ల మీద. బోర్డు మీద ఉబ్బిన, పైన గోధుమ రంగు మరక కారిన కెపాసిటర్లు కంటికే కనిపిస్తాయి.

దీనికి తలకిందులుగా, గంటసేపు గేమ్ ఆడి ఆపాక వెంటనే ఆన్ కాకపోవడం, అరగంట ఆగితే రావడం వేడి వల్ల వచ్చేది. ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను తిరుగుతోందా, దాని గాలి దారి కార్పెట్‌కో గోడకో ఆనుకుని మూసుకుపోయిందా చూడండి. బోర్డు మీద పగిలిన సోల్డర్ కూడా ఇలాగే ప్రవర్తిస్తుంది.

మల్టీమీటర్ ఉంటే ఊహలతో పని లేదు. మీటరును డీసీ 20 ఓల్టుల మీద పెట్టి, నల్ల మొనను క్యాబినెట్ రేకుకు గానీ 24 పిన్నుల కేబుల్లోని నల్ల వైరుకు గానీ తాకించి, ఎర్ర మొనను అదే కేబుల్ వెనక నుంచి వైరు పక్కగా దూర్చి కొలవాలి. కేబుల్ బోర్డుకే ఉంచాలి. చూడాల్సినవి ఇవి:

- ఊదా వైరు, 9వ పిన్ను. గోడ స్విచ్ వేయగానే, కంప్యూటర్ ఆన్ చేయకుండానే 4.75 నుంచి 5.25 ఓల్టుల మధ్య ఉండాలి. అదే స్టాండ్‌బై.
- ఆకుపచ్చ వైరు, 16వ పిన్ను. ఆఫ్‌లో ఉన్నప్పుడు ఇక్కడ కొన్ని ఓల్టులు ఉంటాయి. బటన్ నొక్కితే బోర్డు దీన్ని దాదాపు సున్నాకు దించుతుంది. "ఇక కరెంటు ఇవ్వు" అని ఎస్‌ఎంపీఎస్‌కు చెప్పేది ఈ వైరే.
- పసుపు వైరు 12 ఓల్టులు. 11.40 నుంచి 12.60 మధ్య ఉండాలి.
- బూడిద రంగు వైరు, 8వ పిన్ను. ఓల్టేజీలన్నీ నిలకడపడ్డాయని ఎస్‌ఎంపీఎస్ చెప్పే మాట. అర సెకనులోపే 5 ఓల్టులకు దగ్గరగా రావాలి.

వైర్లన్నీ నల్లగా ఉండే కొత్త కేబుళ్లకు మాన్యువల్లోని బొమ్మ చూసి పిన్నులు లెక్కపెట్టుకోండి.

ఇప్పుడు మొరాయించిన క్షణంలో ఏం జరిగిందో చదవొచ్చు. ఊదా వైరు మీదే ఓల్టేజీ తక్కువగా ఉంటే, లేదా నొక్కినప్పుడు కుంగిపోతే స్టాండ్‌బై భాగం పోతోంది. ఊదా సరిగ్గా ఉండి, నొక్కినా ఆకుపచ్చ సున్నాకు దిగకపోతే తప్పు ఎస్‌ఎంపీఎస్‌ది కాదు, బటన్‌ది లేదా బోర్డుది. ఆకుపచ్చ దిగినా పసుపు మీద 12 రాకపోతే ఎస్‌ఎంపీఎస్ పోయింది, లేదా ఎక్కడో షార్ట్ ఉండి అది తనను తాను ఆపుకుంటోంది. 12 వచ్చి బూడిద వైరు లేవకపోతే ఎస్‌ఎంపీఎస్ మార్చాల్సిందే. వేలు ఖర్చు పెట్టి వరుసగా పార్టులు మార్చేవాళ్లు చాలామంది ఈ నాలుగు వైర్లు చూసి ఉంటే సరిపోయేది. మొరాయించిన క్షణంలోనే కొలవాలన్నది మరిచిపోకండి, బాగా నడుస్తున్నప్పుడు అన్నీ బాగానే కనిపిస్తాయి.

ఆకుపచ్చ, నల్ల పిన్నులను పేపర్ క్లిప్పుతో కలిపి ఫ్యాను తిరిగితే ఎస్‌ఎంపీఎస్ బాగున్నట్టే అనే పరీక్ష చాలామంది చేస్తారు. లోడు లేకుండా తిరగడం ఒక సంగతి, ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఒక్కసారిగా లాగినప్పుడు నిలబడటం వేరే సంగతి. అప్పుడప్పుడు వచ్చే లోపానికి ఆ పరీక్ష దాదాపు ఏమీ చెప్పదు.

బయోస్, బ్యాటరీ

బోర్డు మీద నాణెంలా ఉండే సీఆర్2032 బ్యాటరీ 3 ఓల్టులు చూపాలి. 2.7కు దిగితే మార్చేయండి. గడియారం వెనక్కి పోవడం, బయోస్ సెట్టింగులు చెరిగిపోవడం దాని గుర్తులు. రోజూ గోడ స్విచ్ ఆపేసే ఇళ్లలో ఈ బ్యాటరీ త్వరగా అయిపోతుంది, ఎందుకంటే స్టాండ్‌బై కరెంటు లేనన్ని గంటలూ గడియారాన్ని మోసేది అదే. కొత్త బ్యాటరీ పెట్టాక బయోస్‌ను డిఫాల్టుకు తెచ్చి చూడండి. బయోస్ అప్‌డేట్ ర్యామ్ ఇబ్బందులను తరచూ తీరుస్తుంది, కానీ మధ్యలో మెషీన్ ఆగితే బోర్డే పోవచ్చు. స్టార్టింగ్ నమ్మకంగా లేని మెషీన్‌కు, కరెంటు పోయే వేళల్లో, ఆ పని పెట్టుకోవద్దు.

లోగో వచ్చి ఆగితే

రీస్టార్ట్ చేస్తే బాగా వచ్చి, షట్‌డౌన్ తర్వాత మొరాయిస్తుంటే విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపండి. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లో ఉంటుంది. ఆ సెట్టింగు ఉన్నప్పుడు షట్‌డౌన్ నిజమైన షట్‌డౌన్ కాదు, విండోస్ తన కెర్నెల్ స్థితిని డిస్కులో దాచుకుని మళ్లీ దాన్నే ఎక్కించుకుంటుంది. బయోస్‌లో ఒకరోజు ఎస్‌ఎస్‌డీ పేరు కనిపించి ఇంకోరోజు కనిపించకపోతే దాన్ని తీసి మళ్లీ బిగించండి, సాటా అయితే కేబుల్ మార్చండి. అంతకంటే ముందు డేటాను వేరే చోట కాపీ చేసుకోండి.

విండోస్ తప్పులను రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నెల్ పవర్ 41 కనిపిస్తే కంగారుపడి ఎస్‌ఎంపీఎస్ కొనకండి. విండోస్ సక్రమంగా ఆగకుండా మెషీన్ ఆగిపోయిందని మాత్రమే దాని అర్థం. ఎందుకు ఆగిందో అది చెప్పదు.

పార్టు మార్చాల్సి వస్తే

కొనే ముందు అరువు తెచ్చి చూడండి. ఎస్‌ఎంపీఎస్ స్నేహితుడిది రెండు రోజులు తెచ్చి, మీ గదిలో, మీ సాకెట్లో, మీరు వాడే వేళల్లో పరీక్షించాలి. కేబుళ్లు కూడా దానివే వాడాలి. షాపులో చూపించేటప్పుడు నోటుబుక్కు తీసుకెళ్లి "రాత్రంతా ఆపాక మొదటి స్టార్టులోనే వస్తోంది, ఒక రాత్రి ఇక్కడే ఉంచి పొద్దున ఆన్ చేయండి" అని అడగండి. ఐదు నిమిషాలు ఆన్ చేసి ఇచ్చేస్తే ఆ లోపం కనిపించదు.

చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో, బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో కొన్న పార్టయితే బిల్లు, పెట్టె, సీరియల్ నంబరు స్టిక్కరు భద్రంగా ఉండాలి. మంచి ఎస్‌ఎంపీఎస్‌లకు ఐదేళ్లు, కొన్నింటికి పదేళ్ల వారంటీ ఉంటుంది, వాడుకోండి. ప్రాసెసర్ సాకెట్ పిన్నులు వంగాయేమో చూడటం, సోల్డరింగ్ అవసరమైన బోర్డు మరమ్మతు చేయి తిరిగినవాళ్లకు వదిలేయండి. ప్రాసెసర్ పోవడం అరుదు, దాన్ని చివరి అనుమానంగా ఉంచండి.

బాగయిందని ఎప్పుడు నమ్మాలి

దీనికి చిన్న లెక్క ఉంది. మీ మెషీన్ మూడుసార్లకు ఒకసారి మొరాయించేదనుకోండి. ఏమీ బాగవకపోయినా, అదృష్టం కొద్దీ వరుసగా పదిసార్లు ఆన్ అయ్యే అవకాశం నూటికి రెండు కంటే తక్కువ. కాబట్టి పది మంచి స్టార్టులు చాలు. పదిసార్లకు ఒకసారి మొరాయించేదైతే, బాగవకుండానే వరుసగా పదిసార్లు ఆన్ అయ్యే అవకాశం నూటికి 35 దాకా ఉంటుంది. అక్కడ ముప్పై స్టార్టులు కావాలి, అప్పటికి ఆ అవకాశం నూటికి నాలుగుకు దిగుతుంది. ఈ స్టార్టులు లోపం కనిపించే పరిస్థితిలోనే జరగాలి. రాత్రంతా ఆపాక పొద్దున వచ్చే లోపానికి, మధ్యాహ్నం ఐదు నిమిషాలకోసారి ఆపి వేసిన స్టార్టులు లెక్కలోకి రావు. రోజుకు ఒక్క మంచి పరీక్షే దొరుకుతుందంటే నెల రోజులు పడుతుంది, తప్పదు.

ఆ నెల గడిచేదాకా తీసిన పాత పార్టును పారేయకండి, అమ్మకండి. ఏ తేదీన ఏం మార్చారో ఒక కాగితం మీద రాసి క్యాబినెట్ లోపలి తలుపుకు అంటించండి. లోపం తిరిగొస్తే పాత పార్టును దాని చోట పెట్టి, నోటుబుక్కులో తర్వాతి అనుమానం దగ్గర మొదలుపెట్టవచ్చు.